పటమటనుండి వచ్చిన పత్రిక



నేను ముప్పదియేండ్లకు పైగా ఉన్నతపాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నా చదువు పాతపద్ధతిది. అమరముతో ఆరంభమై, రఘువంశముమీదుగా, లఘుకౌముదివరకు నడచినది. సంధ్యావందనము నేటికిని విడువలేదు. ఇట్టివాడు నాస్తికుల పత్రికనుగూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరకు తోచవచ్చును. నాకును చిరకాలము అట్లే తోచెను. అట్లు తోచుటచేతనే నేనొక తప్పు చేసితిని. ఆ తప్పును మీయెదుట చెప్పుకొనుట యీ ప్రసంగమున కొక కారణము. ఆ పత్రికయు, దానిని నడపిన యిల్లును మన బెజవాడ పటమటలోనే యుండుటచేత, వాని చరిత్ర మన ప్రాంతపు పెద్దలు తెలిసికొనదగిన దనుట రెండవ కారణము.

మా యూరు పెనుగొలను. తిరువూరు ప్రాంతమున నున్నది. 2022 వరకు కృష్ణాజిల్లాలోనిదై, పిదప ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. నా బాల్యమున మా యింటికి నాలుగిండ్ల కవతల ఒక రైతు ఉండెడివాడు. కులము వేరైనను వరుస కలిపి మేమాయనను పెదనాయనగారని పిలుచుచుంటిమి. ఆయన చదివినది అయిదవ తరగతి. పగలెల్ల పొలములో నుండి, సాయంకాలము కాళ్లు కడుగుకొని, వేపచెట్టుక్రింద నులకమంచముపై కూర్చుండి ఏదో యొక కాగితము చదువుకొనుచుండుట నాకు కన్నులకు కట్టినట్లున్నది. పడుచుతనమున తెప్పించుకొన్న ‘సంఘం’ అను వారపత్రిక సంచికలను ఆయన ఒక రేకుపెట్టెలో పెట్టి అటకమీద దాచుకొనెను. ఏడాదికొకసారి వానిని దింపి, ఎండ తగిలించి, ఎండిన వేపాకు చల్లి, మరల పైకెక్కించెడివాడు. మా యింటి తాటాకుగ్రంథములకు మా నాయనగారు చేయు ఉపచారము సరిగా నదియే. ఆ పోలిక ఆనాడు నాకు నవ్వు పుట్టించెడిది.

నాకు పండ్రెండవయేట ఒకనాడు ఆ మంచము ప్రక్క నిలువబడి ఒక సంచిక చదువసాగితిని. దేవుడు లేడను మాట అచ్చులో చూచుట నా కదియే మొదలు. గుండె దడదడలాడెను. ఇంటికి వచ్చి మా నాయనగారితో చెప్పితిని. కొట్టుదురనుకొంటిని. వారు కొట్టలేదు. “దాని కుత్తరము చెప్పగల చదువు వచ్చిన పిదప చదువుదువుగాని, అంతవరకు పోవలదు” అని మాత్రము చెప్పిరి. ఆ యుత్తరము చెప్పగల చదువు వచ్చినదని నేను భ్రమపడిన కాలమునకే నా తప్పు జరిగినది. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఆ పత్రికకు మూలపురుషుడు గోపరాజు రామచంద్రరావుగారు; గోరా యను పేర ప్రసిద్ధులు. 1902 నవంబరు 15వ తేదీన గంజాం ప్రాంతపు ఛత్రపురములో ఆచారపరులైన బ్రాహ్మణుల యింట జన్మించిరి. వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొంది మధుర, కొలంబో, కాకినాడ, బందరు పట్టణములలో అధ్యాపకులుగా నుండిరి. దయ్యములున్నవని జనులు విడిచిపెట్టిన యింట కాపురముండి చూచిరి. జందెము తీసివేసినందున కన్నతండ్రియే యిల్లు విడువుమనెను. నాస్తికవాదము కారణముగా 1933లో కాకినాడలోని ఉద్యోగమును పోయెను.

అయినను నా దృష్టిలో వారికంటె వారి భార్య సరస్వతమ్మగారు గొప్పవారు. ఆమె 1912లో పుట్టినది, పదియవయేట పెండ్లియైనది. గర్భవతిగా నున్నపుడు గ్రహణము పట్టగా, ఆమె లోపల కదలక పండుకొనుటకు మారు బయటికి వచ్చి గ్రహణమును చూచినది. బిడ్డ ఏ లోపము లేకయే పుట్టినది. ఇది చిన్నమాట యని నేటి పిల్లలు అనుకొందురు. మీవంటి పెద్దలు అట్లనుకొనరు. గ్రహణమొర్రి భయముచేత మా అమ్మ నన్ను కడుపున మోయుచు ఎన్ని గంటలు చాపమీద వెల్లకిల ఒత్తిగిలక పండుకొన్నదో, నడుము పట్టి ఎట్లు బాధపడినదో ముదుసలితనమున గూడ చెప్పుచుండెడిది. వేదిక యెక్కి గ్రహణము నీడయే యని యుపన్యసించుట కొకరీతి ధైర్యము చాలును. కడుపులోని బిడ్డను పందెమొడ్డుటకు వేరొక ధైర్యము కావలెను.

1940లో ఆ దంపతులు పట్టణపు ఉద్యోగము వదలి, ఉయ్యూరు దగ్గరి ముదునూరు గ్రామమునకు వచ్చి నాస్తిక కేంద్రమును స్థాపించిరి. పూరిపాకలు, రాత్రిబడి, అంటరానితనముపై పోరు, ఇదియే ఆ కేంద్రము. నెలనెల పున్నమిరాత్రి అన్ని కులములవారును ఒకచోట చేరి భుజించెడివారు. పున్నమి నేల యెంచిరో నాకు తెలియదు. వెన్నెల దీపపుఖర్చు తప్పించుననియే కాబోలు. మన వ్రతములలో కొన్ని పున్నమినాడే యుండుట చూచి నవ్వుకొనియే యెంచిరేమో!

బిడ్డలకు వారు పెట్టిన పేర్లు వినుడు. 1930లో ఉప్పుసత్యాగ్రహము జరుగుచుండగా పుట్టినవాడు లవణం. ప్రపంచయుద్ధ మారంభమైన 1939వ సంవత్సరమున పుట్టినవాడు సమరం. ఐరోపాలో నియంతలు చెలరేగిన కాలమున పుట్టినవాడు నియంత. తొమ్మిదవ సంతానము పేరు నౌ. హిందీలో తొమ్మిది యని యర్థము. గృహ్యసూత్రములు మగబిడ్డ పేరునకు సరిసంఖ్య యక్షరములు విధించినవి. లవణమునకు మూడు, నౌకు ఒకటి! శాస్త్రము చదివిన నాకు మొదట ఇది వెక్కిరింపువలె నుండెను. తరువాత ఆలోచింపగా, కులముగాని దైవముగాని పేరునుబట్టి పోల్చుకొనుటకు వీలులేని పేరు తెలుగున వెదకుట ఎంత కష్టమో తెలిసినది. మీరును మీ యూరి యోటరు జాబితా తీసి ప్రయత్నించి చూడుడు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పెద్దలందరును చెరసాలకు పోయిరి. సరస్వతమ్మగారు చంటిబిడ్డతో కూడ పోయినది. 1944లో గోరాగారు సేవాగ్రామమునకు పోయి గాంధీమహాత్ముని కలిసికొనిరి. ఆ సంవాదమును వారే ఒక చిన్న గ్రంథముగా వ్రాయగా 1951లో నవజీవన్ వారు అచ్చువేసిరి. పెద్దకుమార్తె మనోరమను అర్జునరావను హరిజనయువకుని కిచ్చి వివాహము చేయ నిశ్చయింపగా, గాంధీజీ రెండేండ్లు ఆగుమని, వరుని ఆశ్రమమున నుంచుకొనుటకు సమ్మతించెను. ప్రమాణములో దేవుని పేరునకు మారుగా సత్యమును పేర్కొనుటకును అంగీకరించెను. పెండ్లినాటికి ఆయన లేడు. 1948 మార్చిలో సేవాగ్రామములోనే ఆ వివాహము జరిగెను. రామనామము విడువని మహాత్ముడు ఒక నాస్తికుని బిడ్డ పెండ్లికై మంత్రము మార్చుకొన్నాడనుట నావంటివానికి జీర్ణము చేసికొనుటకు కొంతకాలము పట్టినది.

కేంద్రము 1947లో పటమటకు తరలెను. 1949లో ‘సంఘం’ పుట్టెను. ఇరువది యేండ్లకు, 1969లో, ‘ది ఎథీస్ట్’ అను ఇంగ్లీషు మాసపత్రిక గోరాగారి సంపాదకత్వమున మొదలయ్యెను.

ఇచట ఒక పోలిక చెప్పవలసియున్నది. పత్రికలు రెండువిధములు. పట్టణమున అద్దెగదిలో కూర్చుండి లోకమునకు బుద్ధి చెప్పునవి ఒక విధము. ఒక యిల్లు తాను బ్రతుకుచున్న తీరును లోకమునకు తెలుపుటకు పంపు జాబువంటివి రెండవ విధము. దక్షిణాఫ్రికాలో గాంధీగారి ‘ఇండియన్ ఒపీనియన్’ ఈ రెండవ జాతిది. 1903లో డర్బనులో మొదలైన ఆ పత్రికను మరుసటి సంవత్సరము ఫీనిక్సు అను పల్లెపట్టునకు మార్చిరి. అచట అక్షరములు కూర్చువాడును, తోటలో మట్టి త్రవ్వువాడును ఒకడే. మొదటి సంచిక అచ్చువేయు రాత్రి చమురుయంత్రము మొరాయించగా మనుష్యులే చక్రము త్రిప్పి సంచికను బయటికి తెచ్చిరి. మన గోదావరీతీరమున వీరేశలింగముగారి ‘వివేకవర్ధని’ గూడ ఈ జాతిలోనిదే యందును. 1874లో పత్రిక పెట్టినవారు 1881 డిసెంబరులో తమ చేతులతో తొలి వితంతువివాహము చేయించిరి గదా. పటమట పత్రికలు ఈ వంశమున పుట్టినవి. వ్రాసినది తామాచరించుట, ఆచరించినది వ్రాయుట. చదువరి కావలెనన్న బండి కట్టుకొని పోయి చూచి రావచ్చును. మా పెదనాయనగారు అట్లే పోయి చూచి వచ్చిరి. ఏమి చూచితిరని మా నాయనగా రడుగగా, వంటయింటిలో ఎవరు వండిరో ఎవరును అడుగలేదని మాత్రము చెప్పిరట.

వారు చెప్పినవానిలో నాకు నచ్చినవియు కలవు, నచ్చనివియు కలవు. గోరాగారు వృక్షశాస్త్రజ్ఞులు గనుక, ఆహారపుకొరత ఉన్న దినములలో ప్రజల సొమ్ముతో పెంచు ఉద్యానములలో పూలమొక్కలకు మారుగా కూరమొక్కలు నాటవలెనని ఉద్యమము చేసిరి. జనులు నవ్విరి. నేను నవ్వలేదు, మా పెరటిలో మందారముతోపాటు బెండయు, దొండయు నేటికిని కలవు. మంత్రులు ఆడంబరము మాని సామాన్యులవలె బ్రతుకవలెనని కోరుచు 1961-62లో సేవాగ్రామమునుండి ఢిల్లీవరకు కాలినడకను పోయిరి. పార్టీలు లేని ప్రజాస్వామ్యము కావలెననిరి. పల్లెలో పంచాయితీ యెన్నికల తరువాత అన్నదమ్ముల వాకిళ్లకు నడుమ గోడలు లేచుట చూచినవారికి ఆ మాట వట్టి కలగా తోచదు.

1972 ఆగస్టు 15వ తేదీన విజయవాడలో వారు గోమాంసమును పందిమాంసమును వడ్డించి, హిందువులును ముసల్మానులును తమతమ నిషేధములను త్రెంచుకొనుటకై ఒక సభ జరిపిరి. ఇది నాకు నాడును సమ్మతము కాదు, నేడును కాదు. ఆ వార్త తెలిసిన పిదప మా నాయనగారు పెదనాయనగారితో చాలదినములు మాటలాడలేదు. పాపము, ఆయన ఆ సభకు పోనేలేదు. తన యెద్దులకు కుడితి పెట్టనిదే తాను అన్నము ముట్టని మనిషి. ఆ సాయంకాలము మంచముపై కూర్చుండి, పత్రిక చేతబట్టక, ఎద్దుల మెడలు నిమురుచు నుండుట నేను చూచితిని. ఒక మార్గమును నమ్మినవాడు ఆ మార్గములోని ప్రతిమెట్టును ఎక్కవలెనను నియమము లేదని అప్పుడే నాకు తెలియవలసినది.

ఆ సంవత్సరమే డిసెంబరులో ప్రపంచ నాస్తిక మహాసభ విజయవాడలో జరిగెను. 1975 జూలై 26వ తేదీన గోరాగారు సభలో మాటలాడుచుండగనే కుప్పకూలి మరణించిరి. ఇట్టి పత్రికలు సాధారణముగా పెట్టినవానితోనే పోవును. ఇది పోలేదు. లవణంగారు సంపాదకత్వము వహించిరి. ఇంగ్లీషు మాసపత్రిక తరువాత దశాబ్దములపాటు నడచెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినపుడు ఆ కుటుంబమువారును, గోరాగారు పెట్టిన ఆర్థిక సమతా మండలివారును శవములమధ్య పనిచేసి, ఇండ్లు కట్టించిరి. లవణంగారును, కవి జాషువాగారి కుమార్తెయైన హేమలతగారును స్టూవర్టుపురము దొంగల నడుమ కూర్చుండి వారి బ్రతుకులు మరలించుటకు పాటుపడిరి. సరస్వతమ్మగారు 2006లోను, హేమలతగారు 2008లోను, లవణంగారు 2015లోను గతించిరి.

ఇక నా తప్పు. మాధవాచార్యులవారి సర్వదర్శనసంగ్రహము చార్వాకమతముతో ఆరంభమగును. మన శాస్త్రమర్యాద అట్టిది: ఖండింపదలచిన మతమును ముందు పూర్వపక్షముగా నిలిపి, పిదప సిద్ధాంతము చెప్పవలెను. నాస్తికశబ్దమును పాణిని ‘లేదు’ అను మతి గలవాడను అర్థమున సాధించెను. అందు తిట్టు ఏమియు లేదు. ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే ఆ చార్వాకుల సొంతగ్రంథములేవి? మూలసూత్రములు దొరకలేదు. వారినిగూర్చి మనమెరిగినదంతయు వారి శత్రువుల నోట విన్నదే. జయరాశి వ్రాసిన తత్త్వోపప్లవసింహ మను గ్రంథము 1926లో గుజరాతులోని పాటను జైనభాండారమున దొరకి, 1940లో బరోడాలో అచ్చుపడినది. దానిని చార్వాకగ్రంథమనుటకు గూడ అందరును ఒప్పుకొనరు. ముదునూరులో కేంద్రము పుట్టినదియు 1940లోనే యనుట కాకతాళీయము; కాని నేను మరువలేను.

నేను మా ప్రాంతపు ఒక పాఠశాలలో పండితుడనై, గ్రంథాలయపు బాధ్యత గూడ వహించియుండగా, పెదనాయనగారు కాలము చేసిరి. ఆయన కొడుకులు ఆ రేకుపెట్టెను పాఠశాలకు ఇచ్చి పోయిరి. తండ్రి అట్లు చెప్పియుండెనట. నేను పెట్టె తెరచి, పైసంచిక చూచి, మూసితిని. పుస్తకముల పట్టీలో ఎక్కించలేదు. బీరువాలో చోటు లేదంటిని. నిజముగా చోటు లేకపోలేదు. ఒక అరలో సగము ఖాళీయే. పిల్లల తల్లిదండ్రులు తప్పుపట్టుదురను భయము కొంత, ఉత్తరము చెప్పగల చదువు నాకున్నదిగదా, ఇవి ఎందులకను గర్వము మరికొంత. విరిగిన బల్లలు పెట్టుగదిలో ఆ పెట్టెను త్రోయించితిని. ఎవరును నన్నడుగలేదు. అదియే మరింత అపాయము.

పండ్రెండేండ్లు గడచినవి. ఒకనాటి సాయంకాలము మా యింట నలుగురు విద్యార్థులకు సర్వదర్శనసంగ్రహము పాఠము చెప్పుచుంటిని. చార్వాకుల పుస్తకము లేమైనవని వారిలో ఒక బాలిక యడిగెను. కాలగర్భమున కలిసినవంటిని. ఎవరైన తగులబెట్టిరా యని ఆమె మరల నడిగెను. తగులబెట్టనక్కరలేదమ్మా, ఎవరును నకలు వ్రాయకున్న చాలును, చెదలు తక్కినపని చేయునని చెప్పి, చెప్పిన మాటకు నేనే ఉలికిపడితిని.

మరునాడు తెల్లవారకమునుపే పోయి గది తెరిపించితిని. కప్పు కురిసి పెట్టె యడుగు తుప్పుపట్టియుండెను. క్రిందనుండి చెదలు ప్రవేశించినది. ఎత్తినచోట కాగితము మన్నుగా రాలెను. పైవరుసలో పదునేడు సంచికలు మాత్రము చదువుటకు వీలుగా మిగిలెను. ఎన్ని పోయినవో లెక్కయైన లేదు. పట్టీలో వ్రాయనివాడను నేనే గదా. ఆ పదునేడింటిని ఇంటికి తెచ్చి, నీడ పట్టున ఆరబెట్టి, వేపాకు చల్లితిని. మా నాయనగారు అప్పటికి లేరు.

ఒక్కమాట చెప్పక తప్పదు. మీ యిండ్ల అటకలమీద ఇట్టి పాతపత్రికలు, ఏ మతమువైనను, ఏ పక్షమువైనను, ఉన్నయెడల పాతకాగితములవానికి తూచి యమ్మకుడు. నాకు కబురుచేసిన వచ్చి నకలు తీసికొందును. దారిఖర్చు నాదే.

ఆ మిగిలిన సంచికలలో ఒకదాని యంచున పెదనాయనగారు పెన్సిలుతో వ్రాసిన లెక్క యొకటి కనబడెను. పెద్దకూతురి పెండ్లికైన వ్యయము ఒకవైపు: పందిరి, మేళము, బియ్యము, బట్టలు, అప్పుపై వడ్డీ. రెండవవైపు దండలు రెండు, రిజిష్టరుకర్చు, మజ్జిగ. క్రింద తీసివేత. మిగిలిన సొమ్ముకెదురుగా ‘ఎద్దులజత’ అని వ్రాసి గీత గీసియుండెను. రెండవకూతురి పెండ్లి దండలతోనే జరిగినది నాకు జ్ఞాపకము కలదు. మా యింటివారెవ్వరును పోలేదు. నేను వీధి చివరనుండి చూచితిని.

ఆ కూతురు మైలవరము ప్రాంతమున కాపురమున్నది, డెబ్బదియేండ్లు దాటినవి. మిగిలిన సంచిక లేవైన ఆమెయొద్ద ఉండునేమో యని ఆమె యింటికి పోయితిని. లేవనెను. నేను తెచ్చిన సంచికను కన్నులకు దగ్గరగా పట్టుకొని, ఆ లెక్కను వ్రేలితో పంక్తిపంక్తికి జరుపుకొనుచు చదివినది. చివరకు నవ్వి, “నాన్న లెక్క తప్పండీ మాస్టారుగారూ! మజ్జిగ మా అత్తగారివాళ్లే పోశారు” అనెను. కొంతసేపటికి ఆ కాగితమును తిరిగి నా చేతికీయబోయి, ఈయలేకపోయెను. నేనును అడుగలేదు.

ఇప్పుడు నాయొద్ద పదునారు కలవు.